నోముల పంట: మా అరుగు మీద ఒక ఊరు కట్టిన అనుభవం

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా ఇంటి అరుగు మీద ఒక ఊరు కట్టాం. రెండు వందల మంది జనం, నలభై ఎకరాల మెట్ట, ఒక గెడ్డ (కొండవాగు), గింజలు దాచే పాతరలు పన్నెండు. ఊళ్లో అందరికంటే పొడుగాయన ఎత్తు నాలుగడుగులు. ఆ ఊరు ఏ మ్యాపులోనూ ఉండదు. ముగ్గుపిండితో గీసి, చింతపిక్కలతో ఇళ్లు పెట్టి, ఆటలో నడిపిన ఊరు అది. కానీ దాన్ని నిలబెట్టడానికి పట్టిన నలభై రోజుల్లో సేద్యం గురించి తెలుసుకున్నంత, రైతు కొడుకునై ఉండీ ముప్పై నాలుగేళ్లలో తెలుసుకోలేదు. పిల్లలతో ఇలాంటిది చేద్దామనుకునేవాళ్లకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి, గజపతి జిల్లా. పక్కనే పాతపట్నం, అక్కడి నుంచి ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతకెళ్తే సవర కూడా చెవిన పడుతుంది. నాకు జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు ఉంది. అక్క పిల్లలు బరంపురం నుంచి ప్రతి వేసవికీ వస్తారు. మేనకోడలికి పదమూడేళ్లు, మేనల్లుడికి తొమ్మిది. పక్కింటి పిల్లలు ఇద్దరు కలిస్తే నలుగురు. ఇంకొకరు మా నాన్న. కాశీనగర్ వైపు వంశధార ఒడ్డున మాకు ఎకరంన్నర పల్లం ఉంది. మోకాళ్లు పోయాక రెండేళ్ల కిందట దాన్ని కౌలుకిచ్చేసి మా దగ్గరికి వచ్చేశారు. అప్పటి నుంచి పొద్దున్నే అరుగు మీద కుర్చీ వేసుకుని పేపరు చదవడం, అన్నం తినడం, మళ్లీ కుర్చీ. మాట తగ్గిపోయింది. పిల్లలు వచ్చినా రెండు రోజులు పలకరించి ఊరుకునేవారు.

విశాఖలో చదువుకునేటప్పుడు హాస్టల్లో నాకు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అలవాటైంది. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో తెచ్చిన ఆట. బోర్డు ఉండక్కర్లేదు. ఒకరు కథ చెబుతారు, మిగిలినవాళ్లు అందులో మనుషులై ‘నేనిది చేస్తాను’ అంటారు. ఫలితం తేలని చోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పిల్లల్ని ఫోన్ల నుంచి తప్పించడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. పాచిక ఆన్‌లైన్లో బుక్ చేస్తే పదిరోజులు పడుతుందంది. అందాకా ఒకటి నుంచి ఇరవై దాకా చిట్టీలు రాసి స్టీలు డబ్బాలో వేసి ఊపి తీశాం. తర్వాత పాచిక వచ్చినా చిన్నవాడు డబ్బానే కావాలన్నాడు. చెయ్యి లోపల పెట్టి వెతికే ఆ క్షణం వాడికి ఇష్టం.

ఆ ఆటలో నాకు మొదటి నుంచీ నచ్చిన జాతి ‘నోమ్’. ఇంగ్లిషులో మొదటి అక్షరం ‘జి’ రాస్తారు గానీ పలకరు. 16వ శతాబ్దంలో పారసెల్సస్ అనే స్విస్ వైద్యుడు భూమికి చెందిన జీవులంటూ వాళ్ల గురించి రాశాడు. మనం గాలిలో తిరిగినంత సులువుగా మట్టిలో తిరుగుతారట. ఆ తర్వాత జర్మనీలో మట్టిబొమ్మలయ్యారు. 1847లో సర్ చార్లెస్ ఐషమ్ అనే ఇంగ్లండు దొర అలాంటి బొమ్మలు తెచ్చి తన తోటలో పెట్టుకున్నాడు. ఎర్రటోపీ, తెల్లగడ్డం అన్నీ ఆ తోటబొమ్మల వల్ల మన కళ్లకి అలవాటైనవే. ఆటలో నోమ్‌లు వేరు. 2014 నాటి నియమాల పుస్తకం ప్రకారం ఎత్తు మూడు నుంచి నాలుగడుగులు, బరువు సుమారు పద్దెనిమిది కిలోలు, ఆయుష్షు మూడు వందల యాభై నుంచి అయిదు వందల ఏళ్లకి దగ్గర దాకా. వాళ్లలో అడవి నోమ్‌లకి ఎలకలు, ఉడతలవంటి చిన్న జంతువులతో సైగలు, శబ్దాలతో మాట్లాడే శక్తి ఉంటుంది. అదీ చిన్న చిన్న విషయాలే. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, తర్వాత దీనితోనే పెద్ద పని పడింది.

తెలుగులో వాళ్లని ఏమనాలి అన్నది మొదటి చిక్కు. ‘మరుగుజ్జు’ అనడానికి నాకు మనసొప్పలేదు. ఆ మాటతో మనుషుల్ని వెక్కిరించడం చూశాను. పైగా ఆటలో పొట్టిజాతులు ఇంకా ఉన్నాయి. చివరికి నోమ్ అనే ఉంచాను. పిల్లల నోట్లో ఒక్కరోజులో అది ‘నోము’ అయింది, పదిమంది చేరితే ‘నోములు’. వంటింట్లోంచి అమ్మ విని, “ఇప్పుడేం నోమురా, అట్లతద్దికి ఇంకా బోల్డు రోజులుంది కదా?” అంది. సంగతి చెబితే, “వాళ్లు పండిస్తే నోముల పంటే అన్నమాట” అంది. మేనకోడలు ఆ మాట పట్టుకుని నోట్సు పుస్తకం అట్ట మీద పెద్దక్షరాలతో రాసింది.

మొదటి ఊరు నేను ఒక్కణ్నే తయారుచేశాను. రెండు రాత్రులు షాపులో కూర్చుని నెట్‌లో చూసినవన్నీ కలిపాను. పుట్టగొడుగు ఇళ్లు, గాలిమర, గుమ్మడితోట, వరిపొలాలు, నడిమధ్య బావి. రంగుల్లో ప్రింటు తీసి లామినేషన్ కూడా చేయించాను. పిల్లలు చూశారు, బాగుందన్నారు. ఆట మొదలై అరగంట కాకుండానే అడవిలోకి వెళ్లిపోయి తోడేళ్లతో యుద్ధానికి దిగారు. ఊళ్లోకి మళ్లీ రమ్మంటే, “అక్కడేముంది మావయ్యా?” అని చిన్నవాడు అడిగాడు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. బొమ్మ ఉంది గానీ ఆ బొమ్మలో ఎవరూ ఏ పనీ చెయ్యడం లేదు.

మూడోరోజు సాయంత్రం ఆ కాగితం అరుగు మీద పడి ఉంటే నాన్న తీసి కళ్లద్దాలు పెట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు. “నీళ్లెక్కడివి?” అన్నారు.

“బావి ఉంది కదా నాన్నా.”

“బావి తాగడానికి. వరి వేశావు కదా, ఇన్ని మడులకి నీరెక్కడి నుంచి వస్తంది? ఎటు పోతంది?”

నేను ఆలోచించలేదు. పొలాల పక్కన కొండ గీశాను, కొండ మీద నుంచి ఏమీ దిగడం లేదు. నాన్న కాగితం పక్కన పెట్టేసి, “ముందు గెడ్డ గియ్యి. ఊరు దాని యెనకాల వస్తంది” అన్నారు. రెండేళ్లలో ఆయన నాకు ఏదైనా చెయ్యమని చెప్పడం అదే మొదలు.

ఆ రాత్రి లామినేషన్ కాగితం వదిలేశాను. పొద్దున్న అమ్మ ముగ్గుడబ్బా తీసుకుని అరుగు మీద చుక్కలు పెట్టాను. ఆటలో పోరాటం మ్యాపులు అయిదడుగుల గళ్లతో గీస్తారు. మన చుక్కల ముగ్గు కూడా గళ్లే కదా. మేం చుక్కకీ చుక్కకీ మధ్య యాభై అడుగులు అనుకున్నాం. గెడ్డకి నీలిమందు కలిపిన ముగ్గు, గట్లకి ఎర్రమట్టి. కాగితం మీదైతే గీసింది గీసినట్టే ఉండిపోతుంది. ముగ్గైతే చేత్తో చెరిపి మళ్లీ పెట్టొచ్చు. పిల్లలు చెయ్యి పెట్టడానికి భయపడలేదు. ఎవరైనా చేస్తే ఇలాగే చెయ్యండి.

గెడ్డ గీశాక కొండవాలు మీద సేద్యం ఎలాగన్న ప్రశ్న వచ్చింది. మాకు దానికి దూరం వెళ్లక్కర్లేదు. ఆదివారం మేనకోడల్ని బండెక్కించుకుని గుమ్మ దాటి సెరంగో దారి పట్టాను. ఆ కొండల్లో సవరలు కట్టుకున్న రాతిగట్ల మడులు చిన్నప్పటి నుంచి బస్సు కిటికీలోంచి చూసినవే. దిగి నిలబడి చూడటం మాత్రం అదే మొదటిసారి. కొన్నిచోట్ల గట్టు నా తల కంటే ఎత్తుంది. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి. అంత గోడ ఎక్కి చూస్తే పైన ఉన్న మడి మంచం వెడల్పు. పైమడి నిండితే గట్టులో వదిలిన సందులోంచి కిందమడిలోకి నీరు జారుతుంది, అక్కడి నుంచి దాని కిందకి. మేమెళ్లేసరికి అన్నీ ఎండిపోయి ఉన్నాయి, రాళ్ల మధ్య తేళ్లుంటాయని జాగ్రత్తగా నడిచాం. ఒక పెద్దాయన కిందటి వానకి జారిన గట్టు సర్దుకుంటున్నాడు. తెలుగు వచ్చు. ఎక్కడి నుంచి మొదలుపెడతారని అడిగితే, “రాళ్లు తర్వాత బాబూ. నీరు ఎటు దిగుతాదో చూసుకుని ఆ దారి ఒదిలేసి కట్టుకోవాలి. దానికి అడ్డం కడితే ఒక్క వానకి మొత్తం లాక్కుపోతాది” అన్నాడు. మేనకోడలు ఒక సందు ముందు కూర్చుని దానికి వాడిన మూడు రాళ్లు ఎలా పెట్టారో నోట్సులో గీసుకుంది. అడుగున పలకరాయి, దాని మీద నీరు పడి మట్టి కోసుకుపోకుండా. రెండు పక్కల నిలువురాళ్లు. ఆ మూడు రాళ్ల బొమ్మ ఆ తర్వాత మా ఊళ్లో ప్రతి మడికీ వచ్చింది.

ఇంటికొచ్చి మెట్లుమెట్లుగా మడులు గీసి, వరి అని రాశాం. నాన్న కుర్చీలోంచి వంగి చూసి, “దున్నేదెవరు?” అన్నారు.

ఇక్కడే ఆ ఊరి రూపం మారిపోయింది. మూడున్నర అడుగుల మనిషి. ఎద్దు మూపురం వాడి తలకి పైనుంటుంది. నాగలి మేడి పట్టుకోవాలంటే చెయ్యి పైకెత్తాలి. మనకి పిక్కల్లోతు దమ్ము వాడికి మోకాళ్ల మీదికొస్తుంది. పక్కింటి అబ్బాయి మేకలు కడదామన్నాడు. నాన్న నవ్వలేదు, లెక్క చెప్పారు. ఎద్దుల జత కలిసి అయిదారు వందల కిలోలుంటాయి, అవి బలంగా లాగితేనే నాగలి తడిమట్టిని కోస్తుంది. మేకల జత యాభై అరవై కిలోలు. నాగలి నేల మీద గీత గీస్తుంది తప్ప మట్టి తిరగదు. “పొట్టోళ్లు చేతికి అందే సేద్యం చేసుకోవాల. బొరిగె, చిన్నపార. కొండవాలులో చోళ్లు, సామలు. గట్ల మీద కంది. పైన రాళ్లనేలలో వలిసెలు. వరి రెండు మడులు చాలు, పండక్కి పరమాన్నానికి.”

ఎద్దులు లేని సేద్యం అనగానే అంతా దానంతటదే కుదురుకుంది. మట్టిలో పుట్టిన జాతి, తవ్వడం వాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. మేనకోడలు ఆ రోజే, చేత్తో తవ్వే ఆ బొరిగె పేరు మీద, ఊరికి ‘బొరిగెవలస’ అని పేరు పెట్టింది. మా వైపు ప్రతి నాలుగో ఊరూ వలసే కదా, ఎక్కడి నుంచో వచ్చి నిలబడ్డవాళ్ల ఊరు. చోళ్లంటే రాగులేనని పిల్లలకి మొదట తెలియలేదు. “మీ బడిలో మాండియా అంటారే, అదే” అన్నాక అందరూ గోలగోలగా చెప్పడం మొదలుపెట్టారు. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల పథకం మొదలెట్టిన ఏడు జిల్లాల్లో మాదీ ఒకటి. నవంబరు 10న మాండియా దినం కూడా చేస్తారు. బడిలో పోస్టరు మీద చూసిన పంటా, తాత చిన్నప్పుడు పొద్దున్నే తాగిన చోడి అంబలీ ఒకటేనని ఆ అరుగు మీద కలిసింది.

తిండి లెక్క నేను షాపులో వేశాను. ఒళ్లొంచి పనిచేసే మనిషికి రోజుకి అరకిలో గింజలు అనుకుంటే, నోముకి సగం కంటే కాస్త తక్కువ. ఒంటి బరువు మూడోవంతే అయినా చిన్న ఒళ్లు తన బరువుకి ఎక్కువే తింటుంది. ఏడాదికి మనిషికి ఎనభై కిలోలు, రెండు వందల మందికి నూట అరవై క్వింటాళ్లు. వానాధారపు వాలులో ఎకరానికి అయిదు క్వింటాళ్లు వస్తే ముప్పై రెండెకరాలు. విత్తనం ఎకరానికి రెండు కిలోలే, నారు పోసి నాటితే. ఇదంతా పట్టుకెళ్లి చూపిస్తే నాన్న, “తినడానికే వేశావు. దాచుకునేదేది?” అన్నారు. చోళ్లకి పురుగు పట్టదు, ఏళ్లకేళ్లు నిలవుంటాయి, ఒక ఏడు వాన మొహం చాటేస్తే అవే కాపాడతాయని ఆయన లెక్క. ఏటా ఎంతో కొంత మిగిలేలా నలభై ఎకరాలు చేశాం. అయిదు రోజులు ఆట ఆడకుండా ఈ లెక్కలతోనే గడిచిపోయాయి. పిల్లలు విసుక్కుంటారని నాకు టెన్షన్‌గా ఉండేది. వాళ్లు విసుక్కోలేదు. ఎవరింట్లో ఎంతమంది, ఎవరికి ఏ మడి అని వాళ్లే పంచుకున్నారు.

దాచడం అనగానే పాతర వచ్చింది. భూమిలో నివాసముండే జాతికి గాదెలు, గరిసెలు ఎందుకు? నాన్న చిన్నప్పుడు వాళ్ల ఇంటి ముందు ధాన్యపు పాతర ఉండేదట. గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూతా ఎండుగడ్డి వెంటి చుట్టలుగా పేర్చి, గింజ పోసి, పైన మళ్లీ గడ్డి, మట్టి, పేడ అలికి మూసేవారట. మెరక చూసి తవ్వాలి, ఊట తగిలితే గింజ మురిగిపోతుంది. మా మ్యాపులో పాతరలన్నీ గెడ్డకి దూరంగా ఉత్తరం మెరకకి జరిగాయి.

తర్వాతి ఆటలో కథ ఆషాఢంలో మొదలైంది. ఇళ్లలో గింజలు అడుగంటాయి, పాత పాతర ఒకటి తియ్యాలి. నేను చెప్పాను: పైన అలికిన మట్టి పగలగొట్టారు, గడ్డి లాగేశారు, లోపల చీకటి. ఎవరు దిగుతారు? చిన్నవాడు మోకాళ్ల మీద లేచి, “నేను దిగుతా, తాడు పట్టుకోండి” అన్నాడు. పాతరలో పాముందని చెబుదామని నేను చిట్టీల డబ్బా అందుకున్నాను.

“ఆగరా!”

నాన్న చేతికర్ర గచ్చు మీద టక్కుమంది. నలుగురు పిల్లలూ, నేనూ వెనక్కి తిరిగాం. ఆయన కుర్చీ అంచుకి వచ్చేశారు.

“పాతర తీసి ఎంతసేపైంది?”

“ఇప్పుడే తాతా.”

“దీపం దింపి చూశారా?”

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన నెమ్మదిగా చెప్పారు. మూసిన పాతరలో గింజ కూడా ఊపిరి తీస్తుంది. నెలల తరబడి తీసి తీసి లోపలి మంచిగాలి అయిపోతుంది. మిగిలిన చెడ్డగాలి బరువుగా అడుగున కూర్చుంటుంది, కంటికి కనపడదు, వాసనా ఉండదు. పొద్దున్న పాతర తీస్తే మధ్యాహ్నం దాకా ఎవరినీ దగ్గరికి రానిచ్చేవారు కాదట. ఆ తర్వాత తాడుకి ప్రమిద కట్టి దింపేవారు. దీపం నిలబడితే మనిషి దిగాలి. ఆరిపోతే దిగకూడదు. పక్క ఊళ్లో ఆగలేక ఒకతను దిగి పడిపోతే, అతన్ని లాగుదామని ఇంకొకతను దిగాడు. ఇద్దరూ లేవలేదు. “ఒకడి కోసం ఇంకొకడు దిగుతాడు. అక్కడే పోతాయి ప్రాణాలు” అన్నారు.

చిన్నవాడు చేతిలోని చింతపిక్కని పాతర గీత బయటికి జరిపాడు. మేనకోడలు లేని తాడుని వేళ్లతో పట్టుకుని కిందికి వదులుతున్నట్టు చెయ్యి మెల్లగా దించింది. “దీపం దింపుతున్నాం” అంది. డబ్బాలోంచి చిట్టీ తీస్తే నాలుగు. నేను “సగం దూరంలో ఆరిపోయింది” అన్నాను. అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఏం చెయ్యాలో కూడా తాతనే అడిగారు. ఆకులున్న కొమ్మ తాడుకి కట్టి బావిలో చేద వేసినట్టు పైకీ కిందికీ లాగితే గాలి మారుతుందన్నారు. నలుగురూ వంతులేసుకుని లాగారు, గాలిలో. ఆ సాయంత్రం ఒక్క రాక్షసుడు కూడా రాలేదు, పాము సంగతి నేను మర్చేపోయాను. రాత్రి అన్నం దగ్గర కూడా వాళ్ల మాట అదే.

మర్నాటి నుంచి నాన్న కుర్చీ ముగ్గు పక్కకి వచ్చింది.

పంట కోతకొచ్చిన వారం ఎలకలు పడ్డాయి. ఇది నేను ముందే అనుకున్న కథ. అడవి నోములకి ఎలకలతో మాట్లాడే శక్తి ఉంది కాబట్టి ఎలా వాడతారో చూద్దామని. నాన్న ముందు ఎలక సంగతి చెప్పారు. పొలం ఎలక గింజ తిని ఊరుకోదు, వెన్ను కొరికి కలుగులోకి మోసుకుపోయి దాస్తుంది. చిన్నప్పుడు కోతలయ్యాక కలుగులు తవ్వి వెన్నులు ఏరుకున్న రోజులున్నాయట. పిల్లలు రాయబారానికి వెళ్లారు. పదో వంతు ఇస్తామని చెబుదామనుకున్నారు. నేను నియమం గుర్తుచేశాను: చిన్న చిన్న విషయాలే చెప్పగలరు, లెక్కలు చెప్పలేరు. పదో వంతు ఎలకకి ఎలా చెబుతారు?

మేనకోడలు చాలాసేపు ఆలోచించింది. “లెక్క చెప్పలేం. చోటు చూపిద్దాం” అంది. అరుగు మీద వంగి కూర్చుని, ఎలక ముందు కూర్చున్నట్టే, గట్టుకి అవతలి సాలు మీద రెండు చేతులూ చాపి మెల్లగా ఎలకవైపు తోసింది. తర్వాత ఇవతలి మడి మీద చెయ్యి అడ్డంగా పెట్టి తల అడ్డంగా ఊపింది. మళ్లీ అదే చేసింది. మూడోసారి అవతలి సాలులోంచి ఒక వెన్ను తుంచినట్టు తుంచి నేల మీద పెట్టి వెనక్కి జరిగింది. పదిహేను దాటితే చాలన్నాను. చిట్టీ పధ్నాలుగు, ఆమె పాత్రకి కలిసేవి మూడు. ఎలక వచ్చి వెన్ను పట్టుకుని అవతలి గట్టుకే వెళ్లింది.

అందరూ చప్పట్లు కొడుతుంటే నాన్న అడిగారు, “ఇది ఒప్పుకుంది సరే. దీని పిల్లలో?” ఎలక మూడు వారాలు మోసి ఒక్క ఈతలో ఎనిమిదో పదో పెడుతుంది, ఏడాదిలో ఎన్నో ఈతలు. వచ్చే ఏటికి ఒక సాలు ఏమూలకి? నాన్న చెప్పిన ఉపాయం నిజంగా పొలాల్లో చేసేదే: మడుల్లో అక్కడక్కడా కర్రలు పాతితే రాత్రి గుడ్లగూబలు వాలి ఎలకల్ని పడతాయి. మేనకోడలు ఒప్పుకోలేదు. మాట ఇచ్చాక గుడ్లగూబని పిలవడం మోసం అంది. పక్కింటి అమ్మాయి, మనం పిలవలేదు, కర్ర పాతాం అంతే అంది. చిన్నవాడు ఎలకల పక్షం. రెండు సాయంత్రాలు ఇదే వాదన. కొట్టుకునేదాకా వచ్చింది, అమ్మ జంతికలు పెట్టి విడదీసింది. నాన్న రెండు రోజులూ విని, “మాట తప్పొద్దంటే గట్లు సన్నగా వేసుకోండి. లావు గట్టులోనే ఎలక కలుగు తవ్వుతాది. సన్నగట్టులో దానికి చోటుండదు, అదే అవతలికి పోతాది” అన్నారు. గట్లన్నీ చెరిపి సన్నగా గీశాం. ఎర్రమట్టి సగానికి సగం మిగిలింది.

తేలనిది ఒక్కటే ఉండిపోయింది. నాలుగు వందల ఏళ్లు బతికే జాతి. వందో ఏట పిల్లలు పుడితే ఒకే ఇంట్లో నాలుగు తరాలు, అందరూ పనిచేసేవాళ్లే. భూమి ఎప్పుడు పంచుతారు? ఎవరికి? ఈ ప్రశ్న కూడా నాన్నదే. మా ముత్తాతకి ఆరెకరాలుండేది, నలుగురు కొడుకులు, తాతకి ఎకరంన్నర. నాన్న ఒక్కరే కాబట్టి అది అలాగే మిగిలింది. ఆ సర్దుబాటు గట్లు ఎక్కడ పడ్డాయో ఆయన ముగ్గులో గీసి చూపించారు. గెడ్డకి దూరమైన వాటాకి నీరు రావాలంటే మిగిలిన ముగ్గురి మడులూ దాటి రావాలి. ఎవరు ముందు మదుం (మడికి నీరు వదిలే తూము) ఎత్తాలన్నది ఏటా తగువేనట. ఇదంతా నాకు కొత్త. ఆ పొలంలో నేను గాలిపటాలు ఎగరేశాను గానీ నీళ్లు ఏ వరసలో వస్తాయో ఎప్పుడూ అడగలేదు. మేనకోడలి ఉపాయం ఏమిటంటే భూమి పంచకూడదు, జారిన గట్టు ఎవరు కడితే ఆ ఏడు ఆ మడి వాళ్లది. సెరంగోలో చూసిన పెద్దాయన ఆమె మనసులో ఉన్నాడనుకుంటాను. “మరి కట్టలేని ముసలోళ్లకో?” అని నాన్న అడిగారు. ఆమె దగ్గర జవాబు లేదు. ఆలోచించి చెబుతానంది.

జూన్‌లో సెలవులైపోయాయి. వెళ్లేముందు ముగ్గుని చుక్క చుక్కా లెక్కపెట్టి గళ్ల కాగితం మీద ఎక్కించుకుంది మేనకోడలు. తర్వాతి వారం మొదటి వాన జల్లుకి అరుగు మీది బొరిగెవలస కొట్టుకుపోయింది. ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం వీడియో కాల్‌లో ఆట. బరంపురంలో కాగితం నేల మీద పరిచి, చిన్నవాడు దాని పైన ఫోన్ పట్టుకుని నిలబడతాడు. చెయ్యి నొప్పెట్టి వాడు వంగితే ఊరంతా వంగుతుంది. నాన్న మధ్యాహ్నం నుంచే కళ్లద్దాలు తుడుచుకుని కూర్చుంటారు. మొన్న కౌలురైతు వస్తే లోపలికి పిలిచి, ఈ ఏడు పైచేలో చోళ్లు ఒక మడి వేసి చూడమని అడిగారు.

పోయిన ఆదివారం మేనకోడలు జవాబు సిద్ధం చేసుకుని వచ్చింది. ముసలివాళ్లు రాళ్లు మొయ్యక్కర్లేదు, నీరు ఎటు దిగుతుందో చూసి చెబితే అదీ గట్టు కట్టినట్టే లెక్క, వాళ్లకీ వాటా ఉంటుంది అంది. నాన్న ఏమీ అనలేదు. కాసేపాగి ఫోన్ దగ్గరికి జరిగి, “ఆ మూడో మడి మదుం ఇంకా మూసే ఉంది చూడు. ముందు అది ఎత్తండి, పైన మబ్బు పట్టింది” అన్నారు.